పేరు లేదన్న యంత్రం

కొత్తవాడ చదువు కేంద్రంలో మంగళవారం జరిగిన సంగతి పాఠకులు మరిచిపోయి ఉండరు. హన్మకొండలోని దూరవిద్యా కేంద్రం నుంచి టెలిఫోన్ తీగ మీద మొదటి పాఠం రావలసిన రోజది. జిల్లా పెద్దలు ముందు వరుసలో కూర్చున్నారు. పగలంతా నూలు కండెలు చుట్టి, సాయంత్రాలు పలక పట్టి రెండేళ్ళుగా చదువు నేర్చుకుంటున్న సమ్మమ్మను సుగుణ టీచర్ అందరికంటే ముందు పిలిచింది. పేరు కొడితేనే పాఠం తెరుచుకునే ఆ యంత్రం ముందు కూర్చుని, సమ్మమ్మ ఒక్కొక్క మీటే వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. తెర మీద ‘సమ్మమ్మ’ అని ముచ్చటగా వచ్చింది. దాని కిందనే యంత్రం జవాబిచ్చింది: ‘ఈ పేరు లేదు.’ మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే జవాబు. వెనకనుంచి ఎవరో పకాలున నవ్వారు. ఆమె తర్వాత కూర్చున్న సరోజన పేరును యంత్రం ఒప్పుకుంది. రాజవ్వ పేరునూ ఒప్పుకుంది. అప్పటికి సమ్మమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ పేర్లు యంత్రంలోకి ఎక్కించింది వరలక్ష్మి. సుగుణకు స్వయానా తోటికోడలు.

అందుకే ఆ రెండు రోజులూ సుగుణకు అన్నం సహించలేదు. ఒకే ఇంట్లో కింద వాళ్ళు, పైన వీళ్ళు. మెట్ల మీద ఎదురుపడితే వరలక్ష్మి ఎప్పటిలాగే “తిన్నవా చెల్లే” అని అడుగుతూనే ఉంది. సుగుణే తల తిప్పుకుని పోతోంది. మూడు నెలల క్రితం, తెలుగు అక్షరాలను యంత్రానికి ఎలా నేర్పాలని దూరవిద్యా కేంద్రం పెట్టిన పోటీలో సుగుణ తయారు చేసిన పద్ధతిని పక్కన పెట్టి, వరలక్ష్మి పద్ధతిని ఎంపిక చేశారు. ఆ రోజు సుగుణ నవ్వుతూనే మిఠాయి పంచింది. కానీ ఇప్పుడు మనసులో ఒక మాట తొలుస్తోంది. ‘గెలిచినదానికి ఇంకా కసి ఎందుకు? కొత్తవాడ ఆడవాళ్ళ పేర్లు సరిగా ఎక్కించడానికి కూడా చెయ్యి రాలేదా?’

గురువారం పొద్దున సమ్మమ్మ మరిచిపోయిన చెప్పులు ఒక సంచిలో వేసుకుని సుగుణ ఆమె ఇంటికి బయలుదేరింది.

ఆ సందులో ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు. జంపఖానాల నూలు రంగులద్ది దండేల మీద ఆరేసి ఉంది. అరుగు మీద రాట్నం ముందు కూర్చుని సమ్మమ్మ కండెలు చుడుతోంది. సుగుణను చూసి లేవబోయి, మళ్ళీ ఎందుకో కూర్చుంది.

“చెప్పులు తెచ్చిన అక్కా.”

“గవ్విటి కోసం ఇంత దూరం వచ్చినవా టీచరమ్మా.”

“నువ్వు వస్తలేవని వచ్చిన.”

సమ్మమ్మ రాట్నం ఆపలేదు. “ఇగ నేను రాను. నారాజ్ కాకు. మిషినే చెప్పింది గద, నా పేరు లేదని.”

“మిషిన్‌కేం తెలుసు అక్కా!”

“తెల్వకుంటెనా? సరోజన పేరు తెల్సింది. రాజవ్వ పేరు తెల్సింది. నాదొక్కటే తెల్వలేదు. రేషన్ కార్డుల పేరు లేదంటే ఆఫీసుకు పోయి కొట్లాడ్త. ఓటు లిస్టుల లేదంటే వార్డు మెంబర్‌ను పట్టుకుంట. దీనితోని ఎట్ల కొట్లాడాలె? దానికి మొకమే లేకపాయె.” గొంతు తగ్గించింది. “మా ఆయన ఏమన్నడో ఎర్కేనా? రెండేండ్లు పోయి నీ పేరు నీకే రాయరాకపాయెనా అన్నడు. తిట్టలేదు. నవ్విండు. తిడితే బాగుండు.”

సుగుణ అరుగు మీద చతికిలబడింది. సమ్మమ్మ మొదటిసారి తన పేరు తాను రాసుకున్న సాయంత్రం ఆమెకు గుర్తుంది. ఆ పలకను సమ్మమ్మ తుడవనివ్వలేదు. పైన గుడ్డ కప్పి, ఇంటికి పట్టుకుపోయింది. అలాంటి మనిషి ఇప్పుడు నూలు వైపు తప్ప తన వైపు చూడటం లేదు. ఏం చెప్పి ఓదార్చాలి? తెర మీద పేరు సరిగానే ఉందని తన కళ్ళతో తానే చూసింది. మరి తప్పెవరిది?

“నాతోని హన్మకొండ దాక రా అక్కా,” అంది చివరికి.

“ఎందుకు?”

“దానికి మొకం లేదన్నవ్ గద. మొకమున్న మనిషి దగ్గరికే తీస్కపోత. నా ముందటనే అడుగు, నా పేరేం పాపం చేసిందని.”

సమ్మమ్మ చెయ్యి రాట్నం మీద ఆగింది. తర్వాత లేచి, కండెలు బుట్టలో వేసి, ముఖం కడుక్కుని, మంచి చీర కట్టుకుని వచ్చింది.

పోచమ్మ మైదాన్ దగ్గర బస్సెక్కి హన్మకొండలో దిగారు.

దూరవిద్యా కేంద్రమంటే పాత రెండంతస్తుల బంగళా. కింద ఆఫీసు, పైన యంత్రాల గది. దుమ్ము రాకూడదని గుమ్మం బయట చెప్పులు విప్పించేవారు. వరలక్ష్మి కళ్ళజోడు ముక్కు మీదికి జారగా తెర ముందు కూర్చుని ఉంది. సుగుణను చూసి ఆమె ముఖం వికసించింది. వెనకనున్న మనిషిని చూశాక ఆ వికాసం కొంచెం తగ్గింది.

“కూసో చెల్లే. ఈ అక్కనేనా మంగళవారం...”

“ఈమెనే. పేరు సమ్మమ్మ. లిస్టుల లేని సమ్మమ్మ.” సుగుణ గొంతు పెంచలేదు. ఇంట్లో ఎన్ని మాటలొచ్చినా అరుచుకునే అలవాటు ఆ ఇద్దరికీ లేదు. “ఒక్క మాట అడుగుత అక్కా, నిజం చెప్పు. కొత్తవాడ పేర్లు ఎక్కించేటప్పుడు నువ్వే కూసున్నవా, ఇంకెవరికన్న అప్పజెప్పినవా?”

“నేనే ఎక్కించిన. అన్నీ.”

“మరి ఈమె పేరు ఎట్ల పోయింది?”

వరలక్ష్మి కళ్ళజోడు పైకి తోసుకుంది. “రెండు దినాలసంది నాతోని మాట్లాడంది ఇందుకేనా? నేను కావాలని తీసేసిననుకున్నవా?”

సుగుణ చూపు తిప్పుకుంది.

వరలక్ష్మి తెర వైపు తిరిగి కొత్తవాడ పేర్ల పట్టీ తీసింది. వరసగా పేర్లు. వేలు పెట్టి చూపించింది. సమ్మమ్మ పేరు అక్కడే ఉంది, సరోజన పేరు కింద. తర్వాత వరలక్ష్మి తానే ఆ పేరు కొట్టింది. తెర మీద వెంటనే ‘రండి సమ్మమ్మా, పాఠం మొదలు పెడదాం’ అని వచ్చింది.

సుగుణకు చెంప మీద చరిచినట్టయింది. సమ్మమ్మ మాత్రం ముందుకు వంగి ఆ వాక్యాన్ని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. “రండి... సమ్మమ్మా...” అని పైకి అని, “నన్నే?” అని అడిగింది.

“నిన్నే అక్కా,” అంది వరలక్ష్మి. “కూసో. ఇప్పుడు నువ్వు కొట్టు. ఫికర్ చెయ్యకు, ఇక్కడ మనమే ఉన్నం.”

సమ్మమ్మ కుర్చీ అంచున కూర్చుంది. స మీట దొరికింది, నొక్కింది. ఆ తర్వాత ఆమె వేలు ఒక మీట మీద పడింది, ఇంకో మీట మీద పడింది, ఆ పైన ఒత్తు మీట. మళ్ళీ అదే వరస. తెర మీద పేరు నిలిచింది. అచ్చం ఇందాకటిలాగే, వంకర లేకుండా, వన్నె తగ్గకుండా.

‘ఈ పేరు లేదు.’

“చూసినవా?” అంది సమ్మమ్మ. ఆ గొంతులో కోపం లేదు. ముందే తెలిసిన సంగతి ఇంకోసారి చూసినట్టు ఉంది.

కానీ వరలక్ష్మి తెర వైపు చూడటం లేదు. సమ్మమ్మ వేళ్ళవైపే చూస్తోంది. “అక్కా, మ ఒక్కటి మళ్ళ కొట్టు. మెల్లగ.”

సమ్మమ్మ వ మీట నొక్కింది. తెర మీద వ పడింది. ఆ పక్కన పడే కొమ్ము మీట నొక్కింది; కిందికి దిగి వు చేసే కొమ్ము వేరే. వ కు తోక అతుక్కుని మ అయి కూర్చుంది.

“మ కు వేరే మీట ఉన్నది అక్కా. ఇదిగో.”

“నాకేమెర్క? టీచరమ్మ నేర్పింది గిట్లనే గద. వ రాసి తోక పెడితే మ అని. పలక మీద అట్లనే రాస్త.”

సుగుణకు మొదట అర్థం కాలేదు. అర్థం అయ్యాక వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

యంత్రానికి అక్షరాలు కనపడవు. దానికి తెలిసినవి అంకెలే. ప్రతి అక్షరానికీ మనం ఒక అంకె ఇస్తే, అది ఆ అంకెను గుర్తుపెట్టుకుంటుంది. వరలక్ష్మి పద్ధతిలో అంకెలు అక్షరాల ఆకారాలకు ఇచ్చారు. టైపు మిషన్‌లో లాగా, వ కు ఒక అంకె, కొమ్ముకు ఒక అంకె, మ కు వేరే ఇంకో అంకె. పట్టీలో సమ్మమ్మ పేరును వరలక్ష్మి మ మీటతో ఎక్కించింది. సమ్మమ్మ దాన్నే వ తోనూ కొమ్ముతోనూ కట్టింది. కళ్ళకు రెండూ ఒకటే. యంత్రం లోపల మాత్రం అవి ఇద్దరు వేరు వేరు మనుషుల పేర్లు.

వరలక్ష్మి తెర మీది అక్షరాలను వేలితో తడిమింది. ఆ ఆకారాలు ఆమె సొంత కష్టం. గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుతూ, తలకట్టు ఇక్కడ ఒక చుక్క ఎక్కువైందని, సుడి అక్కడ పలచబడిందని, ఏడాది పాటు వంటింట్లో పొయ్యి పక్కన కూడా పెన్సిలుతో కుస్తీ పట్టి గీసినవి.

“అంటే...” సమ్మమ్మ మెల్లగా అడిగింది, “నేను కొట్టింది తప్పా, అమ్మా?”

వరలక్ష్మి ఆమెవైపు తిరిగింది. “కాదక్కా. నువ్వు రాసింది తప్పు కాదు. నీ పేరు నువ్వు సరిగనే రాసినవ్. దాన్ని గుర్తుపట్టుడు మా మిషిన్‌కు రాలేదు.”

“నిజంగ?”

“నిజంగ.”

సమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “గీ మాట మా ఆయన ముందట ఒక్కపారి చెప్తవా?”

“ఇంటికొచ్చి చెప్త.”

సుగుణ గోడ దగ్గరినుంచి వచ్చి వరలక్ష్మి కుర్చీ వెనక నిలబడింది. “అక్కా, నిన్ను అనుమానపడ్డ. ఆ మాట తర్వాత మాట్లాడుకుందం. ముందు ఇది చెప్పు. ఒక్క మ తోనే అయిపోయిందా?”

“లేదు.” వరలక్ష్మి మీటలు చూపించింది. “య కూడా అంతే. ఘ కూడా అంతే. ముక్కలతోని కట్టొచ్చు, ఒక్క మీటతోని కొట్టొచ్చు. పేరొక్కటే కాదు చెల్లే, పరీక్షల జవాబులు దిద్దేది కూడా ఇదే మిషిన్. పాయసం అని రాసినా, సమయం అని రాసినా, ఒకామెకు మార్కు పడ్తది, ఒకామెకు పడదు. ఇద్దరూ రాసింది ఒకటే అయినా.”

“నా పద్ధతిల అట్ల కాకపోయేది.”

“ఎర్కే. నువ్వు అంకెలిచ్చింది చప్పుళ్ళకు. మ అన్న చప్పుడుకు ఒకటే అంకె. ఎట్ల కట్టినా లోపల ఒకటే.” వరలక్ష్మి చిన్నగా నవ్వింది, నొచ్చుకుంటూనే. “కని నీ అక్షరాలు చూసినవా? ఒత్తులు ఒక తీరుగ, గుణింతాలు ఒక తీరుగ. ఆడోళ్ళు పది నిమిషాలు చూస్తే కండ్లల్ల నీళ్ళు కారుతుండె. అందుకే నాది తీసుకున్నరు.”

అదీ నిజమే. సుగుణ కాదనలేదు. పోటీ కోసం తన అక్షరాలు పెట్టి చూసిన యంత్రంలో సరోజన పాఠం చదవలేక తల పట్టుకుని కూర్చున్న రోజులు ఆమెకు తెలుసు.

“లోపల నీ అంకెలు పెట్టి, పైకి నా ఆకారాలు చూపిస్తె?” అంది వరలక్ష్మి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. “కొట్టినప్పుడే వ, కొమ్ము రెండూ కలిపి మ చేసి దాచాలె. చూపెట్టేటప్పుడు నా బొమ్మ చూపెట్టాలె. అప్పుడు నువ్వు రాసిన పాఠం నాకు పనికొస్తది, నాది నీకు పనికొస్తది. వేరే జిల్లా వాళ్ళది కూడా ఈ లెక్కకు మార్చుకోవచ్చు.”

“అయితదా?”

“అయితది. కని చిప్ మార్చాలె. అక్షరాలన్నీ చెరిగిపోకుండ అందులనే కాల్చి ఎక్కించి హైదరాబాదు నుంచి పంపుతాన్రు.”

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. కేంద్రం డైరెక్టరు సారంగపాణి బూట్లు బయట విప్పి లోపలికి వచ్చాడు. నెరిసిన మీసం, చంకలో ఫైలు. ఈ పథకం మంజూరు చేయించడానికి హైదరాబాదు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి. వరలక్ష్మి లేచి నిలబడి, దాచకుండా జరిగిందంతా చెప్పింది.

ఆయన శాంతంగానే విన్నాడు. “ఇంతేనా? దీనికి చిప్ మార్చుడెందుకమ్మా? ఆమె పేరు పట్టీలో రెండు తీర్ల ఎక్కించండి. ఎట్ల కొట్టినా దొరుకుతది.”

“నాకు రెండు పేర్లెందుకు సారూ?” అంది సమ్మమ్మ. ఎకసెక్కం కాదు. ఆమెకు నిజంగానే తెలియక అడిగింది.

సారంగపాణి ఆమెకేసి ఒక క్షణం చూసి, ఫైలు బల్ల మీద పెట్టాడు. “చూడు వరలక్ష్మీ, నువ్వు చెప్పేది నాకు అర్థం కాక కాదు. కని జిల్లాలో అన్ని కేంద్రాలకూ మిషన్లు తయారైతున్నయ్. ఇప్పుడు లోపం ఉన్నదని మనమే రాసిచ్చినమనుకో, పైవాళ్ళు సరిచేయమని అనరు, మూసేయమంటరు. ఒక్కసారి మూసిన ఫైలు మళ్ళ తెరుచుకోదు. అప్పుడు ఈ అమ్మకు పేరు కాదు, చదువే ఉండదు. జర నిదానంగ ఆలోచించు. పాఠం నడవనీ. మ మీట ఇదని వాళ్ళకు నేర్పుకుందం.”

సుగుణ మాట్లాడబోయి ఆగింది. ఇది తాను చెప్పవలసిన మాట కాదు. ఓడిన పద్ధతి తనది. తాను ఏమన్నా కుళ్ళుబోతుతనంలాగే వినిపిస్తుంది. నిర్ణయం వరలక్ష్మిది.

వరలక్ష్మి కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. “సార్, రెండేండ్లు కష్టపడి పేరు నేర్చుకున్న మనిషికి, నీ పేరు తప్పని చెప్పింది నా అక్షరాల పట్టిక. అందరి ముందట. మ మీట ఎక్కడుందో ఆమెకు నేర్పొచ్చు. కని ఊరూరా, ముక్కలు కలిపి రాసే ప్రతి ఆడమనిషికీ ఇది తప్పనే చెప్తది. వాళ్ళు మనల్ని అడుగుతరా? అడగరు. మిషిన్ చెప్పింది గద అనుకోని లేచిపోతరు.”

“అయితే?”

“అయితే చిప్పులు ఆపాలె.”

కింద ఆఫీసులో టెలిఫోన్ మోగింది. సారంగపాణి పొద్దున బుక్ చేసిన హైదరాబాదు ట్రంక్‌కాల్ అది. మిషన్లు పంపమని చెప్పడానికే బుక్ చేశాడు. అందరూ మెట్లు దిగారు. ఆయన రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని “హలో” అన్నాడు. ఒక్క నిమిషం వరలక్ష్మి ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపముందో, అలసటుందో సుగుణకు తెలియలేదు. తర్వాత రిసీవరు ఆమె చేతికిచ్చాడు.

“పట్టిక నీది. నువ్వే చెప్పు.”

“నేను వరలక్ష్మిని,” అంది ఆమె. “అక్షరాల పట్టిక మార్చాలె. చిప్పులు ఇక ముందు కాల్చకండి. అవును, నేను చేసిందే. తప్పు నాదే. ఆపండి.”

సమ్మమ్మకు సంగతంతా తెలియకపోయినా, ఏదో మంచే జరిగిందని పోల్చుకుని సుగుణ చెయ్యి పట్టుకుంది.

కానీ వరలక్ష్మి రిసీవరు పెట్టెయ్యలేదు. అవతలి మాట వింటూ వింటూ ఆమె ముఖం రంగు మారింది. “ఎప్పుడు? నిన్ననా?... రేపు పొద్దుగాలనా?” అంది. లైను గరగరమని తెగిపోయింది.

“ఏమైందక్కా?”

“నెక్కొండ బడి మిషిన్ మనం చెప్పకముందే నిన్న రైల్ల పంపిన్రట. పాత చిప్‌తోని. అక్కడికి మన టెలిఫోన్ తీగ లేదు గద, అందుకని పేర్లు, ప్రశ్నలు అన్నీ అందులనే పెట్టిన్రు. అక్కడి చదువు కేంద్రంల చేరేటందుకు రేపు పొద్దున ప్రవేశ పరీక్ష. ఉన్న సీట్లు కొన్నే, వచ్చేటోళ్ళు ఎక్కువ. దిద్దేది మిషినే. మిషిన్ తప్పని చెప్పినోళ్ళను అక్కడికక్కడే ఇంటికి పంపిస్తరు.”

“ఆ బడికి ఫోను లేదు,” అన్నాడు సారంగపాణి. “పరీక్ష పెట్టేది హైదరాబాదు వాళ్ళు. నేను ఆపమంటే ఆగరు. చీటీ రాసిస్తే చదివి పక్కన పెడతరు.”

“పోయి చెప్త,” అంది వరలక్ష్మి.

“నోటి మాట నమ్ముతరా అక్కా?” అంది సుగుణ. “నువ్వు కొడితే మిషిన్ ఒప్పుకుంటది. నేను వ, కొమ్ము కొట్టి చూపెడితే, టీచరమ్మ కావాలని తప్పు మీటలు నొక్కుతాంది అంటరు.”

వరలక్ష్మి చూపు మెల్లగా తిరిగి సమ్మమ్మ చేతుల మీద ఆగింది. నూలు రంగు గోళ్ళలో ఇంకా పోని చేతులు. సుగుణ కూడా అటే చూసింది. నెక్కొండ వచ్చి తన తీరులో మ కొట్టి చూపించమని అడగాలని ఇద్దరికీ ఉంది. మంగళవారం ఈమె ఎలా లేచిపోయిందో ఇద్దరికీ తెలుసు గనుక, అడిగే నోరు ఒక్కరికీ రాలేదు.

ఎవరూ అడగకపోయినా సమ్మమ్మకు అర్థమైంది. పట్టుకున్న సుగుణ చేతిని మెల్లగా వదిలేసింది.

“అక్కడ కూడ,” అంది, “అందరి ముందటనేనా?”